పన్నెండు సీట్లు, ఒక గది: నోటర్ డామ్‌కి జరిగింది అన్యాయమా?

గ్రేప్‌వైన్_గోపి | 8 డిసెంబర్ 2025, ఉదయం 7:40

రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే మొదలుపెట్టాను. ముందే ఒప్పేసుకుంటున్నా: నేను సౌత్ బెండ్‌లో చదివినవాణ్ణి, నోటర్ డామ్ యూనివర్సిటీ మనిషిని. నా మాటల్లో ఉప్పూ కారం కాస్త ఎక్కువే ఉంటాయి, చూసుకుని తినండి.

మా ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో గ్రేప్‌వైన్ వచ్చేస్తుంది. అక్కడో పెద్ద రిసార్టు ఉంది. డిసెంబర్ వస్తే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లందరూ పిల్లలకు మంచు బొమ్మలు చూపించడానికి తీసుకెళ్తారే, అదే. కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ చివర్లో నాకౌట్ (ప్లేఆఫ్) ఆడే జట్లను ఎంచే కమిటీ కూర్చునేదీ అక్కడే. నిన్న ఆ హోటల్లో తలుపులు మూసుకుని పన్నెండు జట్లు తేల్చారు. మాది లేదు.

లేకపోతే పోయింది. ఎలా పోయిందో చూడండి. నవంబర్ 4న కమిటీ ఇచ్చిన మొదటి ర్యాంకుల జాబితాలో మేం 10, మయామీ 18. ఆ తర్వాత ప్రతి మంగళవారం మేం మయామీకి పైనే ఉన్నాం. డిసెంబర్ 2న మేం 10, బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) 11, మయామీ 12. ఆ వారాంతం మాకు ఆట లేదు, మయామీకీ లేదు. ఆదివారం టీవీ పెడితే మయామీ 10, మేం 11! నా కుర్చీ కదల్లేదు, పక్కవాడి కుర్చీ కదల్లేదు, కళ్లు నులుముకుని చూస్తే వాడు నా ముందున్నాడు.

ఆగస్టు 31న మయామీ మమ్మల్ని 27-24తో ఓడించింది. కాదనను. కానీ ఆ ఆట నవంబర్ 4 నాటికీ జరిగే ఉంది కదా? ఐదు మంగళవారాలు గుర్తురాని ఆట ఆ ఒక్క ఆదివారం ఎలా గుర్తొచ్చింది?

మావాళ్లు అలిగి, ప్లేఆఫ్ దక్కనివాళ్లకు సీజన్ చివర ఇచ్చే బౌల్ గేమ్ కూడా ఆడం పొమ్మన్నారు. సరైన పనే చేశారంటాను.

బెజవాడ_బుల్లోడు | 8 డిసెంబర్, ఉదయం 8:15

గోపి అన్నా, బాధ అర్థమైంది కానీ విషయం అర్థం కాలేదు. నేను కిందటేడే వచ్చాను. ఐపీఎల్‌లో అయితే పాయింట్ల పట్టిక ఉంటుంది, పై నాలుగు జట్లు వెళ్తాయి, అంతే. ఇక్కడ ఆ పట్టిక ఎక్కడుంటుంది?

లెక్కల_సుబ్బారావు | 8 డిసెంబర్, ఉదయం 9:05

పట్టిక లేదు బుల్లోడూ. అసలు గొడవంతా అదే. నేను ఒహాయోలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, కాబట్టి ఓపిగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు.

పై స్థాయిలో ఆడే కాలేజీ జట్లు ఈ ఏడాది 136. ఒక్కో జట్టు సీజన్లో ఆడేది 12 ఆటలు. ఐపీఎల్‌లో పది జట్లు తలా 14 ఆడతాయి, అందరికీ అందరూ తగులుతారు. ఇక్కడ ఒహాయో స్టేట్, అలబామా పదేళ్లయినా ఎదురుపడకపోవచ్చు. 11-1 (పదకొండు గెలుపులు, ఒక ఓటమి) అని ఇద్దరికీ రాసి ఉన్నా ఒకరు పులులతో ఆడి ఉంటారు, ఇంకొకరు పిల్లులతో.

అందుకే 2014 నుంచి ఒక కమిటీ పెట్టారు. కాలేజీల అథ్లెటిక్ డైరెక్టర్లు, పాత కోచ్‌లు, పాత ఆటగాళ్లు ఉంటారు. తన కాలేజీ పేరు చర్చకొస్తే ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లాలి. ఎంత కఠినమైన ప్రత్యర్థులతో ఆడారు, కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్) గెలిచారా, ముఖాముఖి ఎవరు నెగ్గారు, ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఎలా ఆడారు, కీలక ఆటగాడు దెబ్బతిన్నాడా, ఇవన్నీ చూడాలని రాసుంది. దేనికి ఎన్ని మార్కులో మాత్రం రాసి లేదు.

2023 దాకా నాలుగే సీట్లు. 2024 నుంచి పన్నెండు. అందులో ఐదు, ర్యాంకుల్లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకు. మిగతా ఏడు ర్యాంకును బట్టి. ఈసారి ట్యులేన్, జేమ్స్ మాడిసన్ ఛాంపియన్ల కోటాలో వచ్చాయి, అందుకని 11వ ర్యాంకు నోటర్ డామ్, 12వ ర్యాంకు బీవైయూ బయట పడ్డాయి. టాప్ 12లో ఉన్నా సీటు రాకపోవడానికి కారణం అదే. రిజర్వేషన్, ఓపెన్ కేటగిరీ తెలిసిన మనకు ఇది కొత్తేం కాదు.

గ్రేప్‌వైన్_గోపి | 8 డిసెంబర్, ఉదయం 9:30

మాస్టారూ, మయామీ మమ్మల్ని దాటడానికి వాళ్లు చెప్పిన కారణం కూడా చెప్పండి. నేను చెబితే కోపంలో చెప్పానంటారు.

లెక్కల_సుబ్బారావు | 8 డిసెంబర్, ఉదయం 9:52

కమిటీ అధ్యక్షుడు హంటర్ యురాచెక్ చెప్పింది ఇదీ. శనివారం బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ ఫైనల్లో టెక్సస్ టెక్ చేతిలో బీవైయూ 34-7తో ఓడింది, కిందికి జారింది. మధ్యలో బీవైయూ తప్పుకోవడంతో మయామీ, నోటర్ డామ్ పక్కపక్కకు వచ్చాయి. పక్కపక్కకు వచ్చాక ముఖాముఖి ఆట తూకంలోకి వచ్చింది.

ఇది నాకూ మింగుడు పడలేదు. వాళ్ల ఓటింగ్ పద్ధతి ప్రకారం జట్లను గంపల్లో వేసి, గంపలోవాటికి వరసలు వేసి, పాయింట్లు తక్కువ వచ్చినవాటిని జాబితాకెక్కిస్తారు. మిగిలినవి తర్వాతి గంపలో పడతాయి. 10, 11, 12 స్థానాల్లో ఉన్నవి ఒకే గంపలో ఉండకుండా ఎలా పోతాయి? మధ్యలో ఒకడు నిలబడితే వెనకవాడు కనపడకపోవడానికి ఇది రేషన్ షాపు క్యూ కాదు కదా.

టల్లహాసీ_మూర్తి | 8 డిసెంబర్, ఉదయం 11:20

గోపీ, నీకు ఓదార్పు కావాలంటే నా దగ్గరికి రా. నా గాయం ముందు నీది గోటి గీత.

2023. ఫ్లోరిడా స్టేట్. 13 ఆటలు, 13 గెలుపులు, ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌కి ఛాంపియన్. అప్పటి పెద్ద ఐదు కాన్ఫరెన్సుల్లో ఒక్క ఆటా ఓడకుండా కాన్ఫరెన్స్ గెలిచిన జట్టుని అంతకుముందు ఎప్పుడూ ప్లేఆఫ్ బయట పెట్టలేదు. మమ్మల్ని పెట్టారు. ఐదో ర్యాంకు ఇచ్చారు. నాలుగోది ఒక ఓటమి ఉన్న అలబామాకి.

కారణం? మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) జోర్డన్ ట్రావిస్‌కి నవంబర్ 18న నార్త్ అలబామా మీద ఆటలో కాలు విరిగింది. అతను లేకుండానే వెళ్లి ఫ్లోరిడాని వాళ్ల గడ్డ మీదే 24-15తో కొట్టాం. రెండోవాడూ లేకపోతే మూడోవాణ్ణి, మొదటి ఏడాది కుర్రాణ్ణి దింపి, ఫైనల్లో లూయివిల్‌ని 16-6తో ఓడించాం. డిఫెన్స్ ప్రాణం పెట్టి ఆడింది. అయినా 'ట్రావిస్ లేని జట్టు వేరు' అన్నారు. అంటే పదమూడు గెలుపులు ఆడినవాళ్ల ఖాతాలో కాదు, ఒక కుర్రాడి కాలి ఎముక ఖాతాలో పడ్డాయి.

ఆ రోజు ట్రావిస్ ఏం రాశాడో తెలుసా? నా కాలు సీజన్లో ఇంకా ముందే విరిగి ఉంటే, ఈ జట్టు నా ఒక్కడిది కాదని మీకందరికీ తెలిసేది అన్నాడు. నేను కారు పక్కకు ఆపుకున్నాను అది చదివి.

ఇంకో విషయం. 2014లో, మొట్టమొదటి ప్లేఆఫ్ ఏడాది, ఒహాయో స్టేట్ మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌తో ఆడి విస్కాన్సిన్‌ని 59-0తో కొడితే, 'చూశారా, మూడోవాడితోనూ ఎంత గట్టి జట్టో' అని లోపలికి తీసుకున్నారు. కప్పు కూడా వాళ్లే కొట్టారు. వాళ్ల మూడోవాడు సుగుణం, మా మూడోవాడు అవలక్షణం.

హూజియర్_హరి | 8 డిసెంబర్, మధ్యాహ్నం 12:02

మూర్తిగారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా మీద స్కోరెంత?

టల్లహాసీ_మూర్తి | 8 డిసెంబర్, మధ్యాహ్నం 12:09

63-3. నువ్వు అడుగుతావని తెలుసు, ఎవడో ఒకడు అడక్కుండా ఉండడు. ప్లేఆఫ్ లేదన్నాక మా ఆటగాళ్లలో చాలామంది ఆడకుండా తప్పుకున్నారు. పెళ్లి తప్పిపోయాక పందిట్లో భోజనానికి ఎందరు మిగులుతారు? ఆ స్కోరు చూపించి కమిటీ చేసింది రైటే అనేవాళ్లకు ఒక్కటే చెప్తా: డిసెంబర్ 3న తీసుకున్న నిర్ణయానికి డిసెంబర్ 30న దొరికిన సాక్ష్యం చెల్లదు.

హూజియర్_హరి | 8 డిసెంబర్, మధ్యాహ్నం 12:31

ఒప్పుకుంటున్నా సార్. నేను ఎగతాళికి అడగలేదు. మా ఇండియానాకీ అదే జరిగింది. 2024లో 11-1తో లోపలికెళ్లాం, నోటర్ డామ్ దగ్గరికెళ్లి 27-17తో ఓడాం. ఇక చూడండి, ఊరూవాడా ఒకటే పాట: బలహీనమైన షెడ్యూలు, వీళ్లకెందుకిచ్చారు సీటు అని. అదే పేరున్న జట్టు ఓడితే 'గట్టి పోటీ ఇచ్చింది' అనేవారు. ఇప్పుడు 13-0, నంబర్ వన్. ఒహాయో స్టేట్‌ని 13-10తో కొట్టాం మొన్న. చూద్దాం ఈసారి ఏమంటారో.

క్రికెట్_కిట్టు | 8 డిసెంబర్, మధ్యాహ్నం 1:15 (గుంటూరులో అర్ధరాత్రి, నిద్ర పట్టక)

నాకు ఈ ఆట రాదు. కానీ సెలెక్షన్ కమిటీ అంటే ఏంటో గుంటూరోడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

2019 వరల్డ్ కప్. నాలుగో నంబర్‌కి అంబటి రాయుడు అని నెలల ముందు నుంచీ అనుకున్నారు. ఏప్రిల్లో జట్టు ప్రకటించారు, రాయుడు లేడు, విజయ్ శంకర్ ఉన్నాడు. చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ ఏం చెప్పాడు? విజయ్ శంకర్ మూడు డైమెన్షన్లు ఇస్తాడని. రాయుడు వరల్డ్ కప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని ట్వీటు కొట్టాడు. తీసేసినవాడూ గుంటూరే, తీయించుకున్నవాడూ గుంటూరే, కాబట్టి ఊళ్లో రెండు పార్టీలయ్యాయి, మా ఇంట్లో కూడా.

విజయ్ శంకర్ మంచి ఆటగాడే. జనానికి మండింది ఆ మూడు డైమెన్షన్ల మాటకి. అప్పటిదాకా ఎవరూ చెప్పని కొలత అది. అవసరం పడ్డాక బయటికి తీశారు. మీ గోపిగారి 'పక్కపక్కకు రావడం', మూర్తిగారి 'క్వార్టర్‌బ్యాక్ లేడు', ఆ జాతివే.

అదే వరల్డ్ కప్‌లో ఇంకోటి కూడా జరిగింది. పాకిస్తాన్, న్యూజిలాండ్ ఇద్దరికీ 11 పాయింట్లు. లీగ్‌లో పాకిస్తాన్ న్యూజిలాండ్‌ని ఓడించింది కూడా. అయినా నెట్ రన్ రేట్ మీద న్యూజిలాండ్ సెమీస్‌కి వెళ్లింది, ఫైనల్ దాకా పోయింది. ముఖాముఖి గెలిచినవాడు ఇంటికి, ఓడినవాడు లార్డ్స్‌కి! పాకిస్తాన్‌వాళ్లు ఏడ్చారు, కానీ ఫలానా వాళ్లు మోసం చేశారని ఎవరి కాలరూ పట్టుకోలేదు. రూలు టోర్నీకి ముందే రాసి ఉంది మరి. ఎంసెట్‌లోనూ అంతే, మార్కులు సమానమైతే ముందు మ్యాథ్స్ చూస్తారు, తర్వాత ఫిజిక్స్. నచ్చినా నచ్చకపోయినా బ్రోషర్లోనే ఉంటుంది.

నా మాట ఒక్కటే. రూలు చెత్తదైనా పర్లేదు, ఆటకు ముందు చెప్పు. ఆటయ్యాక చెప్పే రూలు ఎంత గొప్పదైనా అది సాకే.

గ్రేప్‌వైన్_గోపి | 8 డిసెంబర్, మధ్యాహ్నం 1:22

కిట్టూ, నువ్వు ఈ ఆట చూడకపోవడమే మంచిదైంది. పై మాట ఫ్రేము కట్టించుకుంటా.

లెక్కల_సుబ్బారావు | 8 డిసెంబర్, మధ్యాహ్నం 2:40

ఫ్రేము కట్టించుకునే ముందు కొంచెం పాత కథ వినండి. కిట్టు అడిగింది ఈ దేశంలో చేసి చూశారు.

1998 నుంచి 2013 దాకా బీసీఎస్ అని ఉండేది. కోచ్‌లూ విలేకరులూ ఓట్లేసే పోల్సూ, కంప్యూటర్ ర్యాంకింగులూ కలిపి ఒక సూత్రం. మొదటి రెండు జట్లు ఫైనల్ ఆడాలి, అంతే. సూత్రం ముందే తెలుసు. జనం సంతోషించారా? 2003 సీజన్ చూడండి. ఓక్లహామా బిగ్ 12 ఫైనల్లో కాన్సాస్ స్టేట్ చేతిలో 35-7తో చిత్తయింది. సదరన్ కాలిఫోర్నియాని రెండు పోల్సూ నంబర్ వన్ అన్నాయి. సూత్రం ఏమంది? ఓక్లహామా, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) ఫైనల్ ఆడాలంది. దేశం మొత్తం నంబర్ వన్ అన్న జట్టు ఫైనల్లో లేదు! చివరికి ఎల్‌ఎస్‌యూ 21-14తో గెలిచి ఒక కప్పు పట్టుకెళ్లింది, విలేకరుల ఏపీ పోల్ సదరన్ కాలిఫోర్నియాకి ఇంకో కిరీటం పెట్టింది. ఒకే ఏడాది ఇద్దరు ఛాంపియన్లు. మరుసటి ఏడాది ఆబర్న్ ఒక్కటీ ఓడకపోయినా ఫైనల్ దక్కలేదు.

అప్పుడు అందరూ ఏమన్నారు? 'యంత్రాలకు ఆట ఏం తెలుసు, ఆట తెలిసిన మనుషుల్ని కూర్చోబెట్టండి' అన్నారు. కూర్చోబెట్టారు. ఇప్పుడేమో 'మనుషులు వద్దు, సూత్రం కావాలి' అంటున్నాం. రెడ్డొచ్చె మొదలాడు.

ఆస్టిన్_అనిత | 8 డిసెంబర్, మధ్యాహ్నం 3:18

మాస్టారూ, బీసీఎస్ పేరెత్తితే మా ఊళ్లో ఇప్పటికీ 45-35 అంటారు. 2008. టెక్సస్ ఓక్లహామాని 45-35తో ఓడించింది. టెక్సస్ టెక్ టెక్సస్‌ని 39-33తో. ఓక్లహామా టెక్‌ని 65-21తో. ముగ్గురూ సమానం. కాన్ఫరెన్స్ ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో తేల్చడానికి బీసీఎస్ ర్యాంకు చూడాలని ముందే రాసి ఉంది. ఓక్లహామా ఒక వెంట్రుక పైన ఉంది, వెళ్లిపోయింది.

నేనప్పుడు మొదటి సెమిస్టర్. ఆట ఓనమాలు కూడా రావు, ల్యాబ్‌లో అందరూ దిగాలుగా ఉంటే ఎవరో పోయారేమో అనుకున్నా. ముందే రాసిన రూలు కిట్టూ, అయినా ఇప్పటికీ మండుతుంది.

ఓరుగల్లు_పోరడు | 8 డిసెంబర్, సాయంత్రం 5:00

అనితక్కా, గా 2008 ముచ్చట మా ఓక్లహామా యూనివర్సిటీ ఊరు నార్మన్‌ల తీయకు, ఇక్కడ దాన్ని న్యాయం అంటరు 😀 నేను ఇక్కడ ఎం.ఎస్. చేస్తున్న. మాకు 8వ సీడ్ వచ్చింది, అలబామా మా దగ్గరికే వస్తున్నది. నవంబర్‌ల వాళ్ల ఇంటికి పోయి 23-21తోని కొట్టొచ్చినం. మళ్ల వాళ్లతోనే ఆడాల్నట. గిదేం లెక్కనో.

గోపన్నా, అసలు నువ్వు మయామీ మీద పడ్తున్నవ్ గని, అడగాల్సింది అలబామాను గదా. మూడు ఓటములు. శనివారం జార్జియా మీద 28-7తోని పోయిండ్రు. బీవైయూ ఫైనల్ల ఓడితె కిందికి దిగింది, అలబామా ఓడితె 9లనే ఉన్నది. ఫైనల్ ఓడినందుకు శిక్ష ఉన్నదా లేదా? ఉంటె ఇద్దరికి ఉండాలె, లేకుంటె ఇద్దరికి ఉండొద్దు.

టల్లహాసీ_మూర్తి | 8 డిసెంబర్, సాయంత్రం 5:12

ఆ మూడు ఓటముల్లో మొదటిది ఎవరి చేతిలో? మా చేతిలో, 31-17. ఈ ఏడాది మా రికార్డు 5-7. ఐదు గెలుపుల జట్టు చేతిలో ఓడినవాళ్లు లోపల, పదమూడుకి పదమూడు గెలిచిన మేం అప్పుడు బయట. రెండు సార్లూ మధ్యలో ఉన్నది ఒకే పేరు. ఇక నేనేం మాట్లాడను.

అట్లాంటా_అత్తయ్య | 8 డిసెంబర్, రాత్రి 8:45

వంటయ్యాక కూర్చుని మొత్తం చదివాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన అంటూనే ఉన్నారు. అల్లుడు జార్జియా అభిమాని, పదేళ్లుగా శనివారం శనివారం మా హాల్లోనే గోల, నాకూ అంటుకుంది.

మూర్తిగారి బాధ నాకు అర్థమైంది. గోపీ నాయనా, నీది మాత్రం సగమే. మీవాళ్లు ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరరు. అందరూ ఉమ్మడి కుటుంబంలో ఉండి, తోడికోడళ్లతో పోట్లాడి, చివర్లో ఫైనల్ అనే పరీక్ష రాస్తుంటే మీరు వేరు కాపురంలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. ఆ వేరు కాపురం సుఖమూ కావాలి, పండక్కి పెద్దింట్లో పీటా కావాలి అంటే ఎలా? ఇక అలిగి బౌల్ గేమ్ మానేయడం, కంచం తోసేస్తే కడుపు కాలేది ఎవరిది? చివరి ఏడాది కుర్రాళ్లకు ఇంకొక్క ఆట దక్కేది.

ఇంకోటి, మీరెవరూ డబ్బు మాట ఎత్తలేదు. మగవాళ్లు న్యాయం గురించి ఇంతసేపు మాట్లాడుకుంటే నాకు అనుమానం వస్తుంది. ప్లేఆఫ్‌లో చోటు దొరికితే ఆ జట్టు కాన్ఫరెన్స్‌కి 40 లక్షల డాలర్లు. క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్తే ఇంకో 40 లక్షలు. ఆ పైన సెమీస్‌కి 60, ఫైనల్‌కి 60. నోటర్ డామ్‌కి పంచుకునేవాళ్లు లేరు, మొత్తం తనే ఉంచుకుంటుంది. టీవీ హక్కులు ఈఎస్‌పీఎన్ ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అదే ఛానల్ అలబామా ఉన్న ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ ఆటలూ చూపిస్తుంది, మంగళవారం మంగళవారం ర్యాంకుల ప్రోగ్రామూ చూపిస్తుంది. కుట్ర అని నేననను. కానీ పెళ్లిచూపులు టీవీలో పెట్టి, పెళ్లి టికెట్లు కూడా వాళ్లే అమ్ముకుంటుంటే, ఎవరు అందగత్తో తేల్చేటప్పుడు కాస్త గొంతు పెరగదా?

వారం వారం ర్యాంకులు చెప్పకపోతే ఈ గొడవలో సగం ఉండేది కాదు. నవంబర్లో 10 అన్నారు కాబట్టే గోపికి డిసెంబర్లో 11 గుండెల్లో గుచ్చుకుంది. ఇవ్వని బొమ్మ కోసం పిల్లాడు ఏడవడు, ఇచ్చి లాక్కుంటే ఏడుస్తాడు.

లెక్కల_సుబ్బారావు | 8 డిసెంబర్, రాత్రి 9:20

అత్తయ్యగారి ఆఖరి పేరాకి సాక్ష్యం నా దగ్గరుంది. 2014లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్) 3వ ర్యాంకులో ఉండి, చివరి ఆటలో ఐయోవా స్టేట్‌ని 55-3తో చితక్కొట్టింది. మర్నాడు చూస్తే 6వ ర్యాంకు. యాభై రెండు పాయింట్ల తేడాతో గెలిచి మూడు మెట్లు దిగిన జట్టు! ప్రతి వారం తెల్ల కాగితంతో మొదలుపెడతామని కమిటీ అంటుంది. అలాంటప్పుడు నిన్నటి కాగితం టీవీలో ఎందుకు చూపిస్తారు?

గ్రేప్‌వైన్_గోపి | 8 డిసెంబర్, రాత్రి 10:05

అత్తయ్యగారూ, వేరు కాపురం దెబ్బ గట్టిగా తగిలింది. కానీ మయామీ ఉన్నది ఉమ్మడి కుటుంబంలోనే కదా, వాళ్లూ ఫైనల్ రాయలేదు. ఏసీసీలో ఐదు జట్లు 6-2తో సమానమైతే టైబ్రేకులో డ్యూక్ వెళ్లింది. ఆ డ్యూక్ గెలిచి 8-5తో ఛాంపియన్ అయింది, ర్యాంకే లేదు, దాంతో ఆ సీటు జేమ్స్ మాడిసన్‌కి పోయింది. మేమిద్దరం ఒకేలా ఇంట్లో కూర్చున్నాం.

పందెం వేస్తున్నా: మయామీ మొదటి ఆటలోనే టెక్సస్ ఏ అండ్ ఎం చేతిలో పోతుంది. పోకపోతే డాలస్‌లో ఉన్నవాళ్లందరికీ బిర్యానీ నాది.

బెజవాడ_బుల్లోడు | 21 డిసెంబర్, ఉదయం 10:10

మయామీ 10, ఏ అండ్ ఎం 3. గోపి అన్నా, నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. ఊరికే చెప్తున్నా.

ఓరుగల్లు_పోరడు | 21 డిసెంబర్, ఉదయం 10:40

నన్నెవలూ పలకరియ్యకుండ్రి. 17-0 మీదున్నం. సున్నాకు పదిహేడు! ఆడికెళ్లి 34-24తోని ఓడినం. నేను స్టేడియంల ఉన్న, సలికి చేతులు మొద్దుబారినయ్, తర్వాత మనసు గూడ. అలబామా ఉండొద్దు అన్న నోటితోనే అంటున్న: ఆ రాత్రి వాళ్లు మాకన్న మంచిగ ఆడిండ్రు.

హూజియర్_హరి | 21 డిసెంబర్, ఉదయం 11:30

ట్యులేన్ 41-10తో, జేమ్స్ మాడిసన్ 51-34తో పోయాయి. ఇక మొదలు, చిన్న కాన్ఫరెన్సులకు సీటెందుకని. మీరూ మొదలెట్టకండి దయచేసి. 2024లో నేరుగా క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్లిన నాలుగు జట్లూ ఓడిపోయాయి, ఒరెగాన్, జార్జియాతో సహా. ఓడడమే అనర్హత అయితే పెద్దవాళ్లూ అనర్హులే.

అట్లాంటా_అత్తయ్య | 21 డిసెంబర్, మధ్యాహ్నం 12:15

బాగా చెప్పావు హరీ. వాళ్లు గెలిస్తే అద్భుతం, ఓడితే కోటా. ఆ మాట మన కాలేజీల్లోనూ విన్నదే.

హూజియర్_హరి | 2 జనవరి 2026, ఉదయం 6:50

ఇండియానా 38, అలబామా 3. రోజ్ బౌల్‌లో, ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్. నిద్రపోలేదు. ఏం రాయాలో తెలియట్లేదు.

టల్లహాసీ_మూర్తి | 2 జనవరి 2026, ఉదయం 7:15

నేను మాట్లాడనన్నాను కానీ, ఆ స్కోరు ఇంకోసారి రాయవా హరీ? పెద్ద అక్షరాల్లో.

(డిసెంబర్ 30న దొరికిన సాక్ష్యం చెల్లదని నేనే అన్నాను. తెలుసు. ఈ ఒక్కసారికి వదిలేయండి.)

బెజవాడ_బుల్లోడు | 20 జనవరి 2026, ఉదయం 8:05

హరన్నకు శుభాకాంక్షలు! ఫైనల్లో మయామీ మీద 27-21, సీజన్ మొత్తం 16-0. ఆట సగం అర్థమై చూసిన మొదటి ఫైనల్ నాకు.

కానీ ఒకటి చెప్పండి. చివరిదాకా వచ్చింది మయామీయే కదా. ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్, ఓల్ మిస్, వరసగా మూడింటిని కొట్టింది. అంటే కమిటీ చేసింది రైటేనా?

లెక్కల_సుబ్బారావు | 20 జనవరి 2026, ఉదయం 9:30

మయామీ అర్హురాలని తేలింది. నోటర్ డామ్ అనర్హురాలని తేలలేదు, దాన్ని పరీక్ష రాయనివ్వలేదు కాబట్టి. హాల్ టికెట్ ఇచ్చినవాడికి ర్యాంకొచ్చిందని, ఇవ్వనివాడికి రాదని రుజువు చేయలేం. మొదటి గంటలో పిల్లలకు చెప్పే పాఠమే ఇది.

ఇంకోటి కూడా ఉంది. 18వ ర్యాంకుతో మొదలై, ర్యాంకును బట్టి ఇచ్చే ఏడు సీట్లలో చివరిది పట్టుకున్న జట్టు ఫైనల్ ఆడింది. నవంబర్లో కమిటీ వేసిన అంచనా అంత గురి తప్పిందన్నమాటేగా? దాన్నెవరూ లెక్కలో వేయట్లేదు.

గ్రేప్‌వైన్_గోపి | 25 జనవరి 2026, ఉదయం 9:00

బిర్యానీ వచ్చే శనివారం, ఇర్వింగ్‌లో. బుల్లోడు అడ్రసు తీసుకున్నాడు, మిగతావాళ్లు మెసేజ్ పెట్టండి.

ఈ వారం వార్తలు చదివారా? వచ్చే సీజన్‌కీ పన్నెండే సీట్లట. ఇంకో మార్పు, ఇది 2024లోనే సంతకాలైన ఒప్పందంలో ఉంది, 2026 నుంచి అమలు: నోటర్ డామ్ టాప్ 12లో ఉంటే చాలు, సీటు ఖాయం. అంటే ఇప్పటిలా 11లో ఉండి బయట పడటం ఇక ఉండదు. ఇంకే జట్టుకీ పేరు పెట్టి ఈ వరం ఇవ్వలేదు.

నేను సంతోషపడాలి. పడ్డాను కూడా, ఒక పది నిమిషాలు. తర్వాత కిట్టు మాట గుర్తొచ్చింది. కిట్టూ, ఇది ఆటకు ముందే రాసిన రూలు. అందరికీ తెలిసేలా చెప్పారు. రేపు 12లో మేముండి, 11లో బీవైయూ లాంటి జట్టు ఉండి, మేం లోపలికెళ్లి వాళ్లు బయటుంటే, నీ లెక్క ప్రకారం అది న్యాయమేగా?

క్రికెట్_కిట్టు | 25 జనవరి 2026, ఉదయం 9:48

ముందు చెప్తే చాలన్నాను. ఎవరు కూర్చుని రాశారో అడగడం మర్చిపోయాను.

ఆస్టిన్_అనిత | 25 జనవరి 2026, ఉదయం 10:02

45-35.

ఓరుగల్లు_పోరడు | 25 జనవరి 2026, ఉదయం 10:04

అక్కా, మళ్ల మొదలువెట్టినవ్? గోపన్నా, నార్మన్ నుంచి మూడు గంటలు, నేను గూడ వస్తున్న. మటనా, చికెనా?